సూదికి పట్టింపు లేదట

నా చెల్లెలు ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి "అక్కా" అన్నప్పుడు, పక్కనే నిలబడ్డ వాళ్ళ అత్తగారు అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "మీరటు ఆటో ఎక్కేరు, ఇటు మబ్బు విడిందమ్మా. ఇంకొక్క అరగంట ఓర్చుకుంటే నోము దక్కేది."

పిల్ల దక్కింది కదండీ అన్నాను. ఆవిడకు వినపడలేదు. వినపడినా అది ఆవిడ దృష్టిలో రెండో సంగతి.

నాకు ముక్కు మీద కోపమని చిన్నప్పటినుంచీ పేరు. ఉన్న మాటే. అమలాపురంలో ఒక బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతాను. తప్పు లెక్క కనిపిస్తే చూసీచూడనట్టు ఊరుకోవడం నాకు చేతకాదు. అట్లతద్ది నాడు మా చెల్లెలి ఇంట్లో జరిగిన లెక్కను ఎన్నిసార్లు తిరగేసి చేసినా నాకు తప్పే వస్తోంది. అందుకే రాస్తున్నాను.

అట్లతద్ది గురించి తెలియని పిల్లలు కూడా ఇప్పుడున్నారు కాబట్టి చెబుతాను. ఆశ్వయుజ మాసంలో పున్నమి వెళ్ళిన మూడోనాడు వస్తుంది. పెళ్ళయినవాళ్ళు మొగుడి ఆయుష్షు కోసం, పెళ్ళికాని పిల్లలు మంచి మొగుడి కోసం తెల్లవారకముందే ఇంత తిని, మళ్ళీ చంద్రుడు కనిపించేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటారు. చంద్రుణ్ణి చూశాక గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టి, ముత్తైదువులకు అట్లు వాయనమిచ్చి, అప్పుడు ఎంగిలిపడతారు. వరసగా కొన్నేళ్ళు ఇలా చేసి, చివరి ఏడు ముత్తైదువులను పిలిచి పెద్దగా పూజ చేసి ముగిస్తారు. పంతులుగారి భాషలో దాన్ని ఉద్యాపన అంటారు. మా ఆడవాళ్ళ భాషలో "తీర్చుకోవడం". మధ్యలో చెడితే మళ్ళీ మొదటి ఏటి నుంచి పట్టాలట. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, మా గొడవంతా దాని చుట్టూనే.

మా పుట్టిల్లు కొత్తపేట దగ్గర, పలివెల వెళ్ళే దారిలో. చిన్నప్పుడు మాకు అట్లతద్ది అంటే ఉపవాసమని తెలియనే తెలియదు. ముందురోజు సాయంత్రం గోరింటాకు రుబ్బి చేతులకు పెట్టేవారు. ఇంకా చీకటి ఉండగానే అమ్మ లేపితే, మేము అరిచి గోలపెట్టి వీధి పిల్లలందరినీ లేపేవాళ్ళం. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు వేసుకుని కడుపు పట్టినంతా తినేవాళ్ళం. ఆ తర్వాత పెరట్లో మామిడిచెట్టుకు కట్టిన ఉయ్యాల. అమ్మా పెద్దమ్మా పక్కింటి కొత్తకోడళ్ళూ కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఉయ్యాల మీద నిలబడి ఊగేవారు. వాళ్ళు అంత గట్టిగా నవ్వడం ఏడాదిలో ఆ ఒక్కరోజే వినేవాళ్ళం. మధ్యాహ్నానికి మాకు ఆకలేస్తే "చిన్నపిల్లలకి పట్టింపు లేదు" అని అటుకులో అరటిపండో చేతిలో పెట్టేసేవారు. మా నాన్న ఆ రోజంతా ఎక్కడుండేవాడో ఎవరికీ పట్టేది కాదు. ఇదంతా తన ఆయుష్షు కోసమేనని ఆయనకైనా గుర్తుండేదో లేదో.

ఒక్క కథ దగ్గరే నాకు పేచీ. అట్లు వాయనమిచ్చే ముందు అక్షింతలు చేతిలో పట్టుకుని నోము కథ వినాలి. మా ఇంట్లో పెద్దమ్మ చెప్పేది. రాజుగారి కూతురు అట్లతద్ది నోము పట్టి, పొద్దు వాలేసరికి ఆకలికి తాళలేక సొమ్మసిల్లి పడిపోతుంది. అన్నలు చూడలేక చెట్టుకొమ్మకు అద్దం కట్టి, ఎదురుగా గడ్డి మంట వేసి, "అదుగో చంద్రుడు, లేచి తినమ్మా" అంటారు. ఆ పిల్ల నమ్మి తింటుంది. ఆ పాపానికి ఆమెకు అన్నీ ముసలి సంబంధాలే వస్తాయి. చివరికి మళ్ళీ నోము పట్టి సరిగ్గా చేస్తేగాని పడుచు మొగుడు దొరకడు.

"మరి అబద్ధమాడిన అన్నలకేమయింది?" అని అడిగాను ఒక ఏడు.

పెద్దమ్మ కథ ఆపకుండానే తొడపాశం పెట్టింది. కథ అయ్యాక, "మగపిల్లలకి నోములేంటే? వాళ్ళకేం అవుద్ది?" అంది.

ఆకలితో పడిపోయినదానికి శిక్ష. దొంగ చంద్రుణ్ణి చూపించినవాళ్ళకు మాత్రం ఏమీ లేదు. జాలిపడ్డందుకు అన్నలను నేనేమీ అనను. కానీ ఆ పిల్ల చేసిన నేరమేమిటి? తోడబుట్టినవాళ్ళ మాట నమ్మడం. పదేళ్ళ వయసులో ఆ కథ నాకు అన్నంలో రాయిలా తగిలింది. నా పెళ్ళయ్యాక రెండేళ్ళు చేసి మానేశాను. మా ఆయన బాగానే ఉన్నాడు. బీపీ ఉంది, దానికి మాత్రలున్నాయి.

చెల్లెలు నాలా కాదు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, నోట్లో నాలుక లేని మనిషి. అల్లవరం అవతల ఒక ఊరికి ఇచ్చాం. కొబ్బరితోట, కాస్త చేను, ఒక రొయ్యల చెరువు ఉన్న ఇల్లు. చెల్లెలి మొగుడు, మా మరిది, పెళ్ళయిన కొన్నాళ్ళకే కువైట్ వెళ్ళాడు, ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. రెండేళ్ళకోసారి వస్తాడు. మంచివాడే. తాగడు, తిట్టడు. వచ్చినప్పుడల్లా నాకూ ఒక దుప్పటో సెంటుబుడ్డో తెస్తాడు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో. చెడ్డవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు.

రెండో కాన్పు నుంచి చెల్లెలికి షుగర్. మొదట మాత్రలు, తర్వాత మాత్రలతోపాటు పూటకో ఇన్సులిన్ సూది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సూది చేసుకున్నాక ఆలస్యం చేయకుండా తినాలని డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పడం నేను చెవులారా విన్నాను, ఆ రోజు నేనే తీసుకెళ్ళాను కాబట్టి.

అయినా ప్రతి ఏడూ అట్లతద్ది మానలేదు. పొద్దున్నే సూది చేసుకుని తినేది, పగలంతా ఎలాగో నెట్టుకొచ్చేది, చంద్రుడు వచ్చాక తిని సాయంత్రం సూది వేసుకునేది. ఎన్నిసార్లు చెప్పినా "ఆయ్, ఆయ్" అని తలూపేది, చేసేది మాత్రం చేసేది. తీర్చుకునే ఏడు మరిది ఊళ్ళో ఉండాలని వాళ్ళ అత్తగారి కోరిక. అతనికి సెలవు దొరక్క అది రెండుసార్లు వెనక్కి పోయింది. కిందటేడు మాత్రం చెల్లెలే పట్టుబట్టింది. ఫోన్ చేసి నాతో అంది కదా:

"అక్కా, ఈ ఏడు తీర్చేసుకుంటానే. తీర్చేసుకుంటే ఇంక ఉపవాసాలుండక్కర్లేదు కదా."

ఆ మాటకు నేను పడిపోయాను. దీంతో దీనికి విముక్తి వస్తుందని ఆశపడ్డాను. "సరే, ముందు డాక్టర్ని అడుగు" అన్నాను.

"ఆయ్, అడుగుతాలే" అంది.

అడగలేదు. ఆమె తరఫున వాళ్ళ అత్తగారు అడిగారు. డాక్టర్ని కాదు, పక్కింటి పిన్నిగారిని. ఆ వీధిలో నోములకు, వ్రతాలకు ఆవిడదే తీర్పు. ఆ తీర్పు నేను తర్వాత విన్నాను, ఉన్నదున్నట్టు రాస్తాను. "మాత్ర అయితే నీళ్ళతో మింగాలి, ఎంగిలవుద్ది. మానెయ్యమను. సూదికి పట్టింపు లేదు. చర్మంలోంచి పోయేదానికి ఎంగిలేంటమ్మా?"

ఎంత శుభ్రంగా ఉందో చూడండి తర్కం! నోరు ఒక్కటే గుమ్మం. ఆ గుమ్మంలోంచి ఏదీ లోపలికి పోకూడదు. సూది గోడకు కన్నం వేసుకుని పోతుంది కాబట్టి ఇంటివాళ్ళకు సంబంధం లేదు! నోము చెడకుండా, వైద్యమూ చెడకుండా రెండూ దక్కించామని వాళ్ళందరూ ఎంత సంతోషించారో. తిండి మానేసి సూది మాత్రం మానకపోతే, షుగర్ పడిపోయి ఏమవుతుందో ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. తోచనందుకు కాదు నా కోపం. అది తెలిసిన మనిషిని అడగడానికి ఒక ఫోన్ చాలు. ఆ ఫోన్ ఎవరూ చేయలేదు, ఎందుకంటే అడిగితే వద్దంటాడని అందరికీ తెలుసు.

నోము నాడు బడి వదిలాక నేను బయలుదేరాను. వాయుగుండం పట్టి రెండురోజులుగా ఒకటే ముసురు. నేను వెళ్ళేసరికి పెరట్లో రేకుల పంచ కింద పొయ్యి మీద ఇనప్పెనం కాలుతోంది, చెల్లెలు అట్లు పోస్తోంది. నడవలో గౌరీదేవిని నిలిపారు. పిలిచిన ముత్తైదువులందరూ తలంట్లు పోసుకుని, పట్టుచీరలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్ళూ ఉపవాసమే. మామగారు మాత్రం అరుగు మీద కూర్చుని వేళకు ఉప్మా తిని కాఫీ తాగారు. ఆయన్ను తప్పుపట్టడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

దేవి పక్కనే స్టూలు మీద చెంబుకు ఆనించి ఒక ఫోన్ పెట్టారు. అందులో మరిది. కువైట్‌లో ఇంకా పొద్దు పోలేదు, గదిలో మంచం మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"వదినగారూ, వచ్చేరా? బాగున్నారా అండి?" అన్నాడు.

బాగున్నానన్నాను.

ముత్తైదువుల్లో ఒక కొత్తకోడలు పిండి జల్లించే జల్లెడకు జరీ అంచు కుట్టి తెచ్చింది. టీవీలో ఉత్తరాది ఆడవాళ్ళు జల్లెడలోంచి మొగుడి మొహం చూస్తారు కదా, అది. మా వైపు అట్లతద్దిలో మొగుడి మొహం చూడటమన్నదే లేదు. చంద్రుడు, గౌరీదేవి, అట్లు, తోటి ఆడవాళ్ళు. అంతే. ఉన్న ఒక్క ఆడవాళ్ళ పండగలోకి కూడా అతన్ని జల్లెడ పట్టి మరీ లాక్కొచ్చారు. ఫోన్‌కు అడ్డంగా జల్లెడ పట్టి చెల్లెల్ని చూడమన్నారు. మరిది సిగ్గుపడుతూ "ఏవీ కనపడట్లేదే, గళ్ళు గళ్ళుగా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఆ తర్వాత అత్తగారి మాట మీద చెల్లెలు ఆ ఫోన్‌కు దణ్ణం పెట్టింది. వంగి, తెర మీద అతని కాళ్ళు కనపడవు కాబట్టి, స్టూలు కాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అతను ఎడంచేత్తో బిస్కెట్ పట్టుకుని కుడిచేత్తో ఆశీర్వదించాడు.

ఇంక చంద్రుడు రావాలి. పంచాంగం ప్రకారం వచ్చేశాడు. మబ్బు వెనక ఉన్నాడు. మేమందరం గుమ్మం బయటికీ లోపలికీ తిరుగుతున్నాం. కొబ్బరాకుల మీద చినుకు చప్పుడు తప్ప పైన ఏమీ లేదు. ఇంతలో ముత్తైదువుల్లో ఒకావిడ ఫోన్ మోగింది. రామచంద్రపురంలో ఉన్న వాళ్ళ అక్క ఫోటో పంపింది. అక్కడ మబ్బు విడి చంద్రుడు స్పష్టంగా కనిపిస్తున్నాడు. కొబ్బరిచెట్టు పక్కన, ఎర్రగా, ఒక వైపు కాస్త అరిగి. వాళ్ళు చూసేశారట, తినేశారట.

"ఇదిగో చంద్రుడు! చూసి దణ్ణం పెట్టేసుకోండి, తిందాం" అన్నాను నేను.

పిన్నిగారు చెంపలు వేసుకున్నారు. "తప్పమ్మా. ఫోన్లో చంద్రుడు చెల్లడు. కళ్ళతో చూడాలి."

"ఫోన్లో మొగుడు చెల్లేడు కదండీ?"

"అది వేరు."

"ఎలా వేరండీ? ఇందాక స్టూలు కాలికి దణ్ణం పెట్టించేరు కదా. కువైట్ నుంచి వచ్చినవాడు చెల్లేడు, రామచంద్రపురం నుంచి వచ్చినవాడు చెల్లడా?"

ఒకరిద్దరు పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకావిడ ఆశగా పిన్నిగారి వైపు చూసింది, పాపం ఆకలి మీద ఉంది. పిన్నిగారు మాత్రం మొహం గంటు పెట్టుకుని, "నువ్వు నోము మానేసినదానివి, నీకు తెలీదులేమ్మా" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అచ్చంగా అదే. ఆకాశం మీదున్నవాడు కనికరించి పక్కూళ్ళో మొహం చూపించినా, ఈవిడ ఒప్పుకోలేదు.

నేను ఇలా వాదించుకుంటుంటే చెల్లెలు గోడకు చేరబడి కూర్చుంది. ముసురు గాలికి మేమందరం పమిటలు కప్పుకుంటున్నాం. దాని మొహం మాత్రం నీళ్ళు కొట్టినట్టు తడిసిపోయి, బొట్టు కరిగి ముక్కు మీదికి కారుతోంది. "చూడండి, మొహంలో గౌరీదేవి కళ ఎలా వచ్చేసిందో" అంది జల్లెడ తెచ్చిన పిల్ల, మనస్ఫూర్తిగానే. ఒకావిడ దాని కాళ్ళకు పసుపు కూడా రాసింది.

"అక్కా, బెల్లం ఎక్కడ పెట్టేనే?" అంది చెల్లెలు.

బెల్లం గిన్నె దాని ఒళ్ళోనే ఉంది.

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, వణుకుతోంది. "అమ్మ ఇంకా రాలేదా?" అంది నాతో. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. "సూది వేసుకున్నావా?" అని అరిచాను. వాళ్ళ అత్తగారు చెప్పారు, మెచ్చుకోలుగా.

"ఆయ్, రెండు పూటలా వేసుకుందమ్మా. చంద్రుడొచ్చే వేళవుతోంది, ఎలాగూ తినేస్తావు కదా అని నేనే సాయంత్రం సూది కూడా ముందుగా వెయ్యించేను. సూదికి పట్టింపు లేదట."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. కానీ తిట్టే తీరిక కూడా లేదు. అట్లలోకి కాచిన బెల్లం పాకం గిన్నె లాక్కుని, వేలితో తీసి దాని పెదవులకు అందించాను.

అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. గట్టి చెయ్యి, కొబ్బరికాయలు ఒలిచిన చెయ్యి. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఒక్క అరగంట. అదుగో, తూర్పు పక్క తేటగా ఉంది. ఇన్నేళ్ళ నోము, ఈ ఒక్క గంటలో బూడిదలో పోస్తావా?" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నటన కాదు. ఆవిడ నిజంగా భయపడ్డారు, కోడలి కోసం కాదు, కువైట్‌లో ఉన్న కొడుకు కోసం.

ఆ చెయ్యి విదిలించుకోవడం పెద్ద కష్టం కాలేదు. కష్టమైంది ఇంకొకటి. చెల్లెలు నోరు బిగించేసింది. ఎవరెవరో తెలియని స్థితిలో, అమ్మ బతికుందనుకుంటున్న స్థితిలో కూడా, చంద్రుడు రాలేదని మాత్రం దానికి గుర్తుంది. పళ్ళు కరుచుకుని తల అటూ ఇటూ తిప్పుతోంది. పాకం గడ్డం మీంచి కొత్తచీర మీదికి కారింది. ఒక మనిషి ఒంట్లోకి ఒక భయాన్ని ఎంత లోతుగా దింపితే, తెలివి పోయినా భయం పోకుండా ఉంటుంది? నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అది. మిగతావాళ్ళ మీద కోపం తెచ్చుకోగలను, దాని బిగించిన పళ్ళ మీద ఏ కోపం తెచ్చుకోను?

"అమ్మ వచ్చిందే. అమ్మ తినమంటోంది" అన్నాను. అప్పుడు నోరు తెరిచింది.

కొంచెం కొంచెంగా పాకం నాకించాను, మింగింది. మామగారు అప్పటికే వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తి ఆటోను తీసుకొచ్చారు. ఫోన్లోంచి మరిది "ఏమైంది? ఎవరైనా చెప్పండి, ఏమైంది?" అని అరుస్తూనే ఉన్నాడు. జల్లెడ ఆ ఫోన్ మీద పడి ఉంది.

అమలాపురంలో సెలైను కట్టిన డాక్టరు, తీపి పెట్టకుండా తీసుకొచ్చుంటే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు. ఆ మాట మా వెనకే వచ్చిన అత్తగారి ముందే అన్నాడు. ఆవిడ చేతులు జోడించి, "అంతా గౌరీదేవి దయ బాబూ" అన్నారు. బెల్లం నాది, దయ ఆవిడది! తర్వాత చెల్లెలు కళ్ళు తెరవడం, మబ్బు విడిందన్న మాట, మొదట్లోనే చెప్పాను.

మర్నాడు మరిది నాకు ఫోన్ చేశాడు. "మీరు లేకపోతే ఏమయ్యేదో వదినగారూ" అన్నాడు. నేను కరిగిపోయేలోపే, "నోము చెడిందటగా, దానికేమన్నా శాంతి ఉందేమో అమ్మ అడగమంది" అన్నాడు.

ఆ ఏడాదంతా నేను విన్న మాటలు ఒక పుస్తకమవుతాయి. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు పోతే, నా వల్లే. సేఠ్ మరిదిని ఇంకో బండికి మారిస్తే, నా వల్లే. ఆ ఊళ్ళో అందరి చెరువులూ పోయాయి, వాళ్ళెవరి పెళ్ళాలకూ నేను బెల్లం పెట్టలేదు. ఒకరోజు పిన్నిగారు బజార్లో కనపడి, "కథలో అన్నల్లాగే చేసేవమ్మా" అన్నారు. చిన్నప్పుడు ఆ అన్నలకు ఏమీ కాలేదని ఏడ్చాను కదా, కలికాలంలో అక్కకు మాత్రం బాగానే అయింది. ఊరంతా కలిసి చేసింది.

అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, మళ్ళీ మొదటికి రావడం. ఇన్నేళ్ళు ఉన్న ఉపవాసాలన్నీ ఒక్క బెల్లపు వేలితో కొట్టుకుపోయాయట. మళ్ళీ మొదటి ఏటి నుంచి పట్టాలట. ఉపవాసాల నుంచి బయటపడదామని నోము తీర్చుకోబోయిన మనిషికి, ముసలితనం దాకా ఉపవాసాలు రాసిచ్చారు. ఏ ఆయుష్షు పెరుగుతుంది దీంతో, ఎవరిది పెరుగుతుంది? అన్ని ఊళ్ళలో అన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు కడుపు మాడ్చుకుంటేనే మొగవాళ్ళు బతుకుతారంటే, ఆ బతుకు ఎంత పలచని పిండితో పోసిన అట్టో వాళ్ళే ఆలోచించుకోవాలి. గౌరీదేవి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆవిడ అట్లు అడిగింది. ఆడదాని ప్రాణం అడిగినట్టు ఏ కథలోనూ నేను వినలేదు.

ఈ ఏడు అట్లతద్దికి బడికి సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను, పోట్లాటకు సిద్ధమై. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్ళేసరికి చెల్లెలు వంటింటి గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తెల్లవారుజామున లేవలేదట. అత్తగారు నడవలో మంచం మీద మొహం ముడుచుకుని కూర్చున్నారు. కొడుక్కి ఫోన్ చేశారు, చెప్పి ఒప్పించమని. స్పీకరు పెట్టి కోడలికి అందించారు.

"ఏంటే, అమ్మ మాట వినట్లేదంటా?" అన్నాడు మరిది. నవ్వుతూనే, లాలనగా. "ఒక్కరోజే కదా. ఈసారి సూది మానేద్దువుగానిలే."

నేను నోరు తెరవబోయాను. చెల్లెలు చెయ్యి ఎత్తి ఆగమంది. దాని నలభై ఏళ్ళలో అది నన్ను ఆగమనడం అదే మొదలు.

"ఏవండీ, ఈ ఏడు మీరు పట్టండి నోము" అంది.

"నేనా?"

"ఆయ్. నా ఒళ్ళు బాగుండాలని. ఒక్కరోజే కదండీ. ఇప్పట్నుంచి చంద్రుడొచ్చేదాకా ఏమీ తినకండి. నీళ్ళు కూడా."

అవతల నవ్వు వినిపించింది. ఇది నవ్వలేదు. ఎగతాళి కాదని అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు పెంచాడు.

"మతిపోయిందా నీకు? పొద్దున్నించీ తిండీ నీళ్ళూ లేకుండా ఈ ఎండలో బండి నడిపితే ఏమవుద్ది? కళ్ళు తిరిగి పడి చస్తాను!"

మంచం మీంచి అత్తగారు కంగారుగా లేచారు. "వద్దు నాన్నా, వద్దు! నువ్వు వేళకి తినెయ్యి. దాని మాటలకేం గానీ, నువ్వు తిండి మానకు."

చెల్లెలు ఆవిడ వైపు చూసింది. తర్వాత ఫోన్‌తో, ఎప్పుడూ మాట్లాడే మెత్తటి గొంతుతోనే అంది:

"కిందటేడు నేను పడ్డానండి."

అత్తగారు మళ్ళీ మంచం మీద కూర్చున్నారు. మరిది, సేఠ్ పిలుస్తున్నాడు, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. చెల్లెలు చీర కొంగుతో చేతులు తుడుచుకుని లేచి, సూది వేసుకుని, రాత్రి మిగిలిన కూరతో అన్నం పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తింది.